రెండువందల పధ్నాలుగు కాగితాలు

మొదటి వరద కాదు, దాని తర్వాత పదేళ్ళకి వచ్చిన రెండో వరద. రికార్డు గదిలో మూడో అరదాకా నీళ్ళెక్కిన వరద. ఇది ఆ ఏడాది జరిగింది. నీళ్ళు తీసి నెల కావస్తోంది. గోడల మీద మట్టి చార అలాగే ఉంది. మనుషుల ముఖాల మీద చిరాకూ అలాగే ఉంది.

ఆ ఆఫీసులో ఒక కుర్ర గుమాస్తా ఉండేవాడు. అతన్ని అందరూ పదింబావు అనేవారు. ఆఫీసు పదింటికి. అతను వచ్చేది పదింబావుకి. రోజూ ఒక కారణం చెప్పేవాడు. బస్సు ఆపలేదు. చెప్పు తెగింది. కుళాయి రాలేదు. కారణాలన్నీ నిజమే. అదే అతని ఖర్మ. కల్పించి చెప్పేవాడైతే ఇంతకన్నా మంచివి చెప్పేవాడు, ఎవరైనా నమ్మేవాళ్ళు.

చిన్న ఉద్యోగుల సర్వీసు కాగితాలు దాచే ఆఫీసు అది. ఎవరు ఏ రోజున చేరారు, ఎప్పుడు సెలవు పెట్టారు, ఎవరి చేత చీవాట్లు తిన్నారు, అన్నీ అక్కడ ఉంటాయి. వరదకి అవన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆఫీసులో ఆరబెట్టే చోటు లేదు. హెడ్‌గుమాస్తా ఆర్డరు వేశాడు. తలా ఒక కట్ట ఇంటికి పట్టుకెళ్ళాలి, ఆరబెట్టాలి, తిరిగి తేవాలి. కుట్టిన దారాలు కుళ్ళిపోయాయి కాబట్టి అన్నీ విడి కాగితాలే. గుండుసూది గుచ్చకూడదు, తుప్పు కాగితాన్ని తింటుంది. పేజీ నంబర్లు నీళ్ళకి చెరిగిపోయాయి. అందుకని లెక్కపెట్టి ఇచ్చారు, లెక్కపెట్టి పుచ్చుకుంటారు. మధ్యలో ఏం జరిగినా అడిగేవాడు లేడు.

పదింబావుకి వచ్చినవి రెండువందల పధ్నాలుగు. సంతకం పెట్టి తీసుకున్నాడు.

“ఇలా చూడు,” అన్నాడు హెడ్‌గుమాస్తా. “నీ రెండేళ్ళ ప్రొబేషన్ ఈ నెలతో సరి. నిన్ను పర్మనెంటు చెయ్యమని రాయాలా, ఇంటికి పంపమని రాయాలా అన్నది నా కలంలో ఉంది. ఒక్క కాగితం తగ్గిందా, ఇంటికే.”

“సరేనండి.”

“సరేనండి కాదు. నీ ఆలస్యాలు రాసిన పుస్తకం వరదలో పోయింది. నీ అదృష్టం. నాకు మాత్రం అన్నీ నోటికొచ్చు.”

గుమ్మం దగ్గర అటెండరు నవ్వాడు. ఆయన నవ్వు ఎవరికీ మంచిది కాదు. పెద్దాయన, బట్టతల, రెండు నెలల్లో రిటైరు. ఆ రెండు నెలలూ పూర్తయ్యేలోగా ఆఫీసులో ప్రతివాడికీ పెట్టాల్సిన చీవాట్లు పెట్టేసి పోవాలని కంకణం కట్టుకున్నవాడిలా ఉండేవాడు.

“ఒరే పదింబావూ, నీ కట్టలో పైన ఉన్న ఫైలు ఎవరిదో తెలుసా? నాది. అందులో మొదటి కాగితం నేను ఉద్యోగంలో చేరిన కాగితం. దానికి నకలు లేదు. అది పోయిందంటే నేను చేరనే లేదన్నమాట. మరి ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇక్కడ మీ అందరికీ టీలు మోసినవాడు ఎవడు? దయ్యమా?”

“పోదు బాబాయ్.”

“బాబాయేంటిరా? నీకూ నాకూ ఏం చుట్టరికం?”

అదీ వరస.

పదింబావు ఉండేది అక్కా బావల ఇంట్లో. ముందు గదిలో మడతమంచం. పదకొండు రోజులు ఆ గది నిండా తీగలు కట్టి, క్లిప్పులు పెట్టి కాగితాలు వేలాడదీశాడు. ఆరినవి ముడతలు పడితే ఇస్త్రీ చేశాడు. ఇల్లంతా బురద వాసన. బావ లోపలికి రావాలంటే కాగితాల కింద నడుం వంచి రావాలి. నడుం వంచడం బావకి అలవాటు లేదు.

“ఇది ఇల్లా, రికార్డు రూమా?” అన్నాడు మొదటి రోజే.

“పదిరోజులు బావా.”

“రెండేళ్ళ కిందట వచ్చినప్పుడూ పదిరోజులనే అన్నావు.”

అక్క మాత్రం ఒకటి రెండుసార్లు ఇస్త్రీ పెట్టె అందుకుని సాయం చేసింది. అటెండరు ఫైలులో మొదటి కాగితం చేతిలోకి రాగానే ఆగిపోయింది. ఒక మూల చిన్న ఫొటో అతికించి ఉంది. నీళ్ళకి అంచులు కరిగినా ముఖం చెక్కుచెదరలేదు. నుదుటి మీద పడే ఉంగరాల జుట్టు, నిలబెట్టిన కాలరు, కెమెరాని కొట్టేసేలా చూసే చూపు.

“ఎవడ్రా ఈ సినిమా హీరో?”

“మా అటెండరు.”

“నువ్వు చెప్పే ఆ గుండాయనా?” అని అక్క కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళి మరీ చూసింది. ఆ పదకొండు రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు వినపడింది ఆ ఒక్కసారే.

కట్ట తిరిగి ఇవ్వాల్సిన రోజు వచ్చింది. ఆ మర్నాడు పదకొండింటికి పై ఆఫీసరు వస్తాడు. ఆయన ముందు కట్టలన్నీ గుడ్డలో పెట్టి కుట్టి, ముద్ర వేసి పై ఆఫీసుకి పంపేస్తారు. పర్మనెంటు కాగితాల మీద సంతకాలు కూడా అప్పుడే.

ఆ రోజు పొద్దున్న లేవగానే కరెంటు పోయింది. వచ్చాక చొక్కా ఇస్త్రీ చేసుకుంటే, కాగితాల బురదంతా పెట్టె అడుగున అంటుకుని ఉందేమో, తెల్లచొక్కా వీపు మీద అడ్డంగా గోధుమరంగు పట్టె పడింది. వేరే చొక్కా తడిగా ఉంది. పట్టె పడినదాన్నే తొడుక్కున్నాడు. బస్సులో కట్ట పెట్టుకుని నిలబడితే కాగితాలు నలిగిపోతాయి. బావని స్కూటరు అడిగాడు.

బావ పేపరు దించలేదు. “దేనికి?”

“కట్ట ఇచ్చెయ్యాలి బావా. ఈ ఒక్కరోజుకి.”

“దాని బ్రేకు కుడివైపు లాగుతుంది.”

“చూసుకుంటాను.”

“నీ బతుకే నువ్వు చూసుకోలేవు, దాని బ్రేకు చూసుకుంటావా?” అని తాళం బల్ల మీదకి విసిరాడు. అది జారి కింద పడింది. పదింబావు వంగి తీసుకున్నాడు. తీసుకుంటున్నప్పుడు వీపు మీద పట్టె బావకి కనపడింది. “సర్కసులో చేరావా?” అన్నాడు.

రెండు అట్టల మధ్య కాగితాలు పెట్టి, నాడాతో కట్టి, కట్టని కాళ్ళ దగ్గర నిలబెట్టుకుని బయల్దేరాడు. హెల్మెట్టు కూడా బావదే. తలకి పెద్దది. గతుకు వచ్చినప్పుడల్లా కళ్ళ మీదకి జారుతోంది.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. బ్రేకు నొక్కాడు. స్కూటరు కుడివైపు లాగింది. కట్ట పక్కకి ఒరిగింది. దాన్ని కాలితో ఆపబోయేసరికి బండి ఇంకో మూరెడు ముందుకి పోయి ఆగింది.

విజిల్ మోగింది.

కానిస్టేబులు తాపీగా నడిచి వచ్చాడు. పెద్ద బొజ్జ, చంకలో ఒక అట్టల పుస్తకం.

“పక్కన పెట్టు.”

“ఏమైంది సార్?”

“గీత దాటావు.”

పదింబావు కిందికి చూశాడు. రోడ్డు మీద గీత లేదు. వరద తెచ్చిన మట్టి, గుంటలు, ఒక తెగిన చెప్పు ఉన్నాయి.

“ఇక్కడ గీత లేదు సార్.”

“వరదకి ముందు ఉండేది.”

“ఇప్పుడు లేదు కదా సార్.”

“నీకు కనపడదు. నాకు కనపడుతుంది. పద్ధెనిమిదేళ్ళు ఈ గీత పక్కనే నిలబడ్డాను. నీ ముందు చక్రం దాన్ని దాటి ఉంది.” బూటు కొనతో మట్టిలో ఎక్కడో చూపించాడు. “ఆ కట్టేంటి?”

“ఆఫీసు కాగితాలు సార్. అర్జెంటు. పదింటికల్లా ఇవ్వాలి.”

“విప్పు.”

“విప్పితే ఎగిరిపోతాయి సార్.”

“దొంగకాగితాలు కాకపోతే ఎందుకు ఎగురుతాయి?”

పదింబావు కట్టని స్కూటరు సీటు మీద పెట్టి నాడా విప్పాడు. పై అట్ట ఎత్తాడో లేదో, పక్కనుంచి లారీ ఒకటి రయ్యిన పోయింది. పై కాగితం లేచి రోడ్డు మీద పడింది. పదింబావు పరిగెత్తాడు. అతనికంటే ముందు కానిస్టేబులు బూటు దాని మీద పడింది.

“పట్టాను కదా, ఏడవకు,” అన్నాడు బూటు తియ్యకుండా.

ఉంగరాల జుట్టు ఫొటోకి సరిగ్గా పక్కన బూటు అచ్చు పడింది. పదింబావు దాన్ని చొక్కా చేతితో తుడిచాడు. పోలేదు. మళ్ళీ కట్ట పైనే పెట్టాడు.

కానిస్టేబులు రసీదు పుస్తకం తీశాడు. అసలు పుస్తకాలు వరదలో కొట్టుకుపోయాయి. కొత్తవి అచ్చయ్యేదాకా, స్టేషన్లో తడిసి ఆరిన పొడుగు కాగితాలకే ముద్ర కొట్టి, అట్టల మధ్య పెట్టి రాస్తున్నారు. అట్టలు మెత్తబడ్డాయి, రాయడానికి కింద గట్టిగా ఉండేదేదైనా కావాలి. విడి కాగితాల్ని కట్ట మీదే పెట్టుకుని, కార్బను సర్దుకుని రాయడం మొదలెట్టాడు. ఒక్కో అక్షరం చెక్కుతున్నట్టు రాశాడు. వెనక బస్సు హారను. ఎవడో “ఏయ్ పట్టెల చొక్కా, తియ్యవయ్యా బండి!” అని అరిచాడు.

“తండ్రి పేరు?”

చెప్పాడు.

“ఆయనైనా గీత లోపల ఉండేవాడా?”

పదింబావు జరిమానా ఇచ్చాడు. కానిస్టేబులు పై కాగితం తీసి కట్ట మీద పడేసి, తన విడి కాగితాల్ని రెండు చేతులా ఊడ్చినట్టు తీసి, అట్టల మధ్య దోపి చంకలో పెట్టుకున్నాడు.

“కట్టుకో. పో. ఇంకోసారి కనపడకు.”

పదింబావు పై అట్ట వేసి, నాడా కట్టి బయల్దేరాడు.

ఆఫీసు చేరేసరికి పదింబావు అయింది. ఎవరో గడియారం చూసి “టైముకే వచ్చాడు” అన్నారు. ఎవరో నవ్వారు. హెడ్‌గుమాస్తా నవ్వలేదు.

“లెక్కపెట్టించు.”

లెక్కపెట్టేది అటెండరు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనే. కట్టని బోర్లా తిప్పి పెట్టుకుంటాడు. కాగితాల వీపులే పైకి ఉంటాయి. కాగితం ముఖం చూస్తే చదవాలనిపిస్తుంది, చదివితే లెక్క తప్పుతుంది అంటాడు. బొటనవేలు తడిచేసుకుని మూల మీద వేస్తే కాగితాలు టపటపా పడిపోవాల్సిందే. మధ్యలో ఎవరినైనా తిట్టినా లెక్క తప్పదు.

“నలభై… ఆ వీపేంట్రా, జైలు చొక్కాలా… నలభై ఒకటి, నలభై రెండు…”

రెండువందలు దాటాక అటెండరు వేలు నెమ్మదించింది. తగ్గుతుందనే ఆశ ఆయన ముఖంలో దాగలేదు.

“రెండొందల పన్నెండు. పదమూడు.” ఆఖరి కాగితాన్ని వేళ్ళతో నలిపి, రెండు అతుక్కున్నాయేమో చూసి పడేశాడు. “పధ్నాలుగు.”

“సరిపోయిందా?” అన్నాడు హెడ్‌గుమాస్తా.

“సరిపోయింది,” అన్నాడు అటెండరు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

హెడ్‌గుమాస్తా పుస్తకంలో టిక్కు పెట్టాడు. “రేపు పదకొండింటికి ఆఫీసరుగారు సంతకం పెడతారు. అప్పటిదాకా నోరెత్తకు, చెయ్యెత్తకు. ఏదీ పాడుచెయ్యకు.”

రెండేళ్ళలో మొదటిసారి పదింబావుకి కుర్చీ తనదిలా అనిపించింది. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. అప్పుడు జరిమానా రసీదు గుర్తొచ్చింది. బండి బావది. రసీదు లేకపోతే జరిమానా కట్టనే లేదంటాడు. జేబులు వెతికాడు. లేదు. కట్ట మీద పడేసిన సంగతి గుర్తొచ్చింది. అలమర దగ్గరికి వెళ్ళి, కట్ట తీసి, పై అట్ట ఎత్తాడు.

రసీదు అక్కడే ఉంది. పొడుగు కాగితం, తడిసి ఆరిన రంగు, మిగతావాటి సైజే. దాన్ని తీశాడు. కింద ఉన్నది అటెండరు ఫైలులో రెండో కాగితం. సెలవు చీటీ.

మొదటి కాగితం లేదు.

మళ్ళీ చూశాడు. కట్టంతా తిరగేశాడు. బూటు అచ్చు ఎక్కడా లేదు. రసీదు తీసేస్తే ఉన్నవి రెండువందల పదమూడు. అటెండరు లెక్కలో ఆ రసీదు కూడా ఒక కాగితం. కానిస్టేబులు తన విడి కాగితాల్ని రెండు చేతులా ఊడ్చినట్టు తీసుకోవడం కళ్ళముందు కదిలింది. పోయింది వాటి అడుగునే పోయింది.

స్టూలు మీద కూర్చున్నాడు. రసీదు మళ్ళీ కట్టలో పెట్టేస్తే లెక్క సరే. రేపు కుట్టేస్తారు. ముద్ర వేస్తారు. తను పర్మనెంటు. రెండు నెలల తర్వాత ఎవడో ఆ కట్ట విప్పితే, అటెండరు చేరిన తేదీ ఉండాల్సిన చోట తను గీత దాటిన తేదీ ఉంటుంది. చెప్పేస్తే, ఇంటికి. ఇల్లు అంటే బావ ముందు గది.

“ఏంట్రా మళ్ళీ విప్పావు?” అటెండరు వెనకే నిలబడ్డాడు, చేతిలో టీ పళ్ళెం.

“ఊరికే.”

“ఊరికే విప్పేవాడివి కాదే. నా కాగితం ఉందిగా?”

“ఉంది,” అన్నాడు పదింబావు. అతను ఆ ఆఫీసులో ఆడిన మొదటి అబద్ధం అది. అటెండరు నమ్మాడు. నమ్మి, “టీ కావాలంటే నువ్వే పోయి తాగు, నీకు నేను తెచ్చిపెట్టను” అని వెళ్ళిపోయాడు. పదింబావు రసీదుని మళ్ళీ కట్ట పైనే పెట్టి, అట్ట వేసి, అలమరలో పెట్టేశాడు.

సాయంత్రం ఐదు కొట్టగానే కూడలికి పరిగెత్తించాడు బండిని. కానిస్టేబులు టోపీ తీసి, పుస్తకం సంచిలో పెట్టి జిప్పు లాగుతున్నాడు.

“సార్, పొద్దున్న నా కాగితం ఒకటి మీ పుస్తకంలోకి వచ్చేసింది.”

“ఎవరు నువ్వు?”

“గీత దాటాను సార్.”

“రోజుకి నలభైమంది దాటతారు.”

“కట్ట మీద పెట్టి రాశారు. ఫొటో ఉన్న కాగితం. ఒక్కసారి తెరవండి సార్, తీసుకుని పోతాను.”

“డ్యూటీ అయిపోయింది.”

“ఒక్క నిమిషం సార్.”

“అయ్యా, ఈ పుస్తకం తెరిచేది రాయడానికి. చూపించడానికి కాదు. దారిన పోయే ప్రతివాడికీ తెరిచి చూపిస్తే మావాళ్ళు నన్ను పార్కులో పూలమొక్కలకి కాపలా పెడతారు.”

“అది పోతే ఒక మనిషి ఉద్యోగం పోతుంది సార్.”

“నీదా?”

పదింబావు తడబడ్డాడు. నిజం చెప్పాలంటే ఇద్దరిదీ. “మా అటెండరుది,” అన్నాడు.

“మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?” అని కానిస్టేబులు సంచి భుజాన వేసుకున్నాడు. “రేపు తొమ్మిదింటికి వస్తాను. ఎవడికైనా రాసేటప్పుడు కనపడితే చూద్దాం. పో, పో.”

ఇంట్లో జరిమానా సంగతి వినగానే బావ గొంతు పెంచాడు.

“నా బండి మీద కేసా? పన్నెండేళ్ళుగా నడుపుతున్నాను, ఒక్కడు వేలెత్తి చూపించలేదు. నువ్వు ఒక్కరోజు ఎక్కావు!”

“నేను కట్టేశాను బావా.”

“కడితే మచ్చ పోతుందా? రేపటినుంచి తాళం ముట్టుకుంటే చెయ్యి విరుస్తాను. వినపడిందా?”

“ఇంక ఊరుకోండి,” అంది అక్క.

“నువ్వు ఊరుకో. నీ తమ్ముణ్ణి ఊరుకోబెట్టే ఇక్కడిదాకా తెచ్చావు.”

అక్క లోపలికి పోయింది. పదింబావు ముందు గదిలో మడతమంచం వేసుకున్నాడు. తీగలు ఇంకా కట్టే ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్న బావ గెడ్డం గీసుకుంటున్నాడు. బుగ్గల నిండా సబ్బునురగ. పదింబావు ఆయన వెనకనుంచి వెళ్ళి మేకుకి ఉన్న తాళం తీసుకున్నాడు. అద్దంలో ఇద్దరి కళ్ళూ కలిశాయి.

“ఒరేయ్! పెట్టు అక్కడ!”

“సాయంత్రం తిడుదువుగాని బావా.”

“చెయ్యి విరుస్తానన్నానా లేదా!”

“అదీ సాయంత్రమే.”

అంతమాట ఆ ఇంట్లో అతను ఎప్పుడూ అనలేదు. బావ బ్లేడు పట్టుకునే వాకిట్లోకి వచ్చాడు. అప్పటికే స్కూటరు వీధి మలుపు తిరిగింది. హెల్మెట్టు మేకుకే ఉంది. కావాలనే వదిలేశాడు.

తొమ్మిదిన్నరకి కూడలి. ఎర్రదీపం ఉంది. కానిస్టేబులు ఉన్నాడు, చంకలో పుస్తకం ఉంది. పదింబావు ఒట్టి తలతో, ఎర్రదీపంలో, గీత ఉండేదన్న చోటు దాటి నేరుగా పోయాడు.

విజిల్ మోగలేదు. కానిస్టేబులు ఒక ఆటోవాడితో పోట్లాడుతున్నాడు. ఇటు చూడనే లేదు.

చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాడు. ఈసారి హారను కొట్టుకుంటూ దాటాడు. కానిస్టేబులు తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. ముఖం చిట్లించి, ఈగని తోలినట్టు చేత్తో “పో పో” అన్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు గడియారం పది దాటింది. పదింబావు దాటలేదు. కానిస్టేబులు ఎదురుగా, నట్టనడిమి రోడ్డు మీద, బండి అడ్డంగా పెట్టి ఇంజను ఆపేశాడు. నాలుగువైపులా హారన్లు లేచాయి.

“ఏయ్! పిచ్చెక్కిందా?”

“గీత దాటాను సార్. రాయండి.”

“ఏ గీత?”

“నిన్నటి గీత.”

“ఇక్కడ గీత ఎక్కడుందయ్యా? తియ్యి బండి!”

“మీకు కనపడుతుంది కదా సార్. పద్ధెనిమిదేళ్ళు నిలబడ్డారు. హెల్మెట్టు కూడా లేదు. ఎర్రదీపం కూడా. అన్నీ రాయండి. రాసేదాకా తియ్యను.”

బస్సు డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వచ్చాడు. “రాసి పారెయ్యి సారూ, వాడి మొహాన! మేం పోవాలి!”

“నాకు చెప్తావా నువ్వు?” అని కానిస్టేబులు బస్సువాడి మీద అరిచాడు. తర్వాత పదింబావు మీద అరిచాడు. తర్వాత పళ్ళు నూరుతూ పుస్తకం తీసి, స్కూటరు సీటు మీద పడేసి, అట్ట తెరిచాడు. రాసిన కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. నిన్నటి కార్బను నకళ్ళ మధ్య బూటు అచ్చు కనపడింది. దాని పక్కన ఉంగరాల జుట్టు.

పదింబావు దాని మీద చెయ్యి వేశాడు.

“ఇది నాది సార్. మీరు రాసుకోండి, నిదానంగా.”

కానిస్టేబులు ఆ కాగితాన్ని చూశాడు, తన బూటుని చూశాడు. మూడు తప్పులూ రాశాడు. ఒక్కటీ వదల్లేదు.

పదింబావు కాగితాన్ని చొక్కా లోపల, బనీను మీద పెట్టుకుని గుండీలు పెట్టుకున్నాడు. రసీదు ప్యాంటు జేబులో దోపుకున్నాడు.

ఆఫీసుకి పదీ నలభై. హెడ్‌గుమాస్తా ఆఫీసరుని తీసుకురావడానికి గేటు దగ్గరికి వెళ్ళాడు. రికార్డు గదిలో అటెండరు నేల మీద కూర్చుని దబ్బనంలో దారం ఎక్కిస్తున్నాడు. ముందు గుడ్డ పరిచి ఉంది. దాని మీద పదింబావు కట్ట.

“రా దొరా. పదింబావు కూడా నిలబెట్టుకోలేకపోయావు.”

పదింబావు పక్కన కూర్చుని, కట్ట విప్పి, పైనున్న నిన్నటి రసీదు తీసేశాడు. చొక్కా లోపలనుంచి కాగితం తీసి అక్కడ పెట్టాడు. కాగితం కొంచెం చెమట పట్టి వెచ్చగా ఉంది.

అటెండరు రసీదు చూశాడు. కాగితం చూశాడు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు పెట్టినవాడికి విడమర్చి చెప్పక్కర్లేదు. మెడ మీద నరాలు లేచాయి.

“నిన్న నేను లెక్కపెట్టింది ఇదా? ఈ రసీదునా?”

“అవును.”

“ఉందన్నావు.”

“అబద్ధం.”

“హెడ్‌గుమాస్తా లోపలికి వచ్చాక చెప్పమంటావా? ఇప్పుడే? ఆఫీసరు ముందే?”

పదింబావు చెప్పొద్దని బతిమాలలేదు. గేటు దగ్గర కారు తలుపు వేసిన చప్పుడు వినపడింది.

అటెండరు కాగితాన్ని కళ్ళ దగ్గరికి పెట్టుకున్నాడు. ఆ ఫొటో ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చూసినట్టు లేదు. వేలితో బూటు అచ్చు గీకాడు.

“నా మీద కాలేసింది ఎవడ్రా?”

“నాలుగు రోడ్ల కానిస్టేబులు.”

“నువ్వు ఊరుకున్నావా?”

“నిన్న ఊరుకున్నాను.”

అటెండరు అతని గాలికి రేగిన జుట్టునీ, దుమ్ము పట్టిన ముఖాన్నీ, జేబులోంచి పొడుచుకొచ్చిన కొత్త రసీదునీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. వరండాలో అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది.

“ఆ జుట్టు చూశావా?” అన్నాడు చివరికి, ఫొటో వైపు గెడ్డంతో చూపించి. “నీ జన్మకి రాదు అంత జుట్టు.” కాగితాన్ని కట్ట మీద పెట్టి, గుడ్డ మడిచి, దబ్బనం గుచ్చాడు. “దిష్టిబొమ్మలా చూస్తావేంటి? దారం పట్టుకో.”

పదింబావు దారం కొస పట్టుకున్నాడు. తలుపు తెరుచుకున్నా వదల్లేదు.